వంపు కాడ వెన్నమట్టి

కోల్‌కతాకు నది ఇవతల, షాలిమార్ గూడ్స్ యార్డు వెనక తెలుగు లైన్లలో జగ్గమ్మతో వాదించి నెగ్గిన మనిషి లేడు. మొగుడు కూర్మయ్య బతికున్నన్నాళ్ళూ ప్రయత్నించాడు గాని, పాపం, ఆ ముచ్చట తీరకుండానే పోయాడు. అతను మునిసిపాలిటీలో కాలువల పూడిక తీసే కూలీ. మొగుడు పోతే పెళ్ళానికి పని ఇవ్వడం ఆనవాయితీ కాబట్టి ఆఫీసువాళ్ళు ఆవిడను పిలిచి, ఆడమనిషివి కదా, చీపురు పట్టుకుని రోడ్లు ఊడ్చుకో అన్నారు. "మా ఇంటాయన సేసిన పనే నాకియ్యండి. సీపురు పని కావలసినోలు ఇంకెవులైనా ఉంటే ఆలకియ్యండి" అంది జగ్గమ్మ. మూడు రోజులు ఆఫీసు మెట్ల మీద కూచుంది. నాలుగో రోజు పారా తట్టా చేతికిచ్చి, పీడ విరగడైందనుకున్నారు వాళ్ళు. పీడ అప్పుడే మొదలైందని వాళ్ళకు తెలియదు.

అప్పటికావిడకు ఇరవై ఆరేళ్ళు. చంకలో కొడుకు బైరాగి. శ్రీకాకుళం తీరంలోని సొంతూరికి తిరిగి పోదామంటే అక్కడ మొగుడి తరఫు వాళ్ళు మిగిల్చింది ఏమీ లేదు. ఉన్నదల్లా ఈ లైన్లు: రేకుల కప్పులు, ఇటుక గోడలు, మట్టి నేలలు, అరవై మూడు గడపలు. ఓడల డాకుల్లో మూటలు మోసేవాళ్ళు, మునిసిపాలిటీలో కాలువలు తీసేవాళ్ళు, అందరూ ఒకే తీరం నుంచి వచ్చినవాళ్ళు. కోడలు అప్పాయమ్మను కూడా అక్కణ్ణుంచే తెచ్చుకుంది జగ్గమ్మ.

ముప్పై ఏళ్ళు కాలువలో దిగిన మనిషికి నీళ్ళ గుణం తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? నీళ్ళు పరుగెత్తే చోట గులకా ఇసకా ఆగుతాయి. నడిచే చోట ముతక మట్టి ఆగుతుంది. అలిసిపోయి కూలబడే చోట మాత్రం వేలికి తగలనంత మెత్తటి బురద పేరుకుంటుంది. "నీల్లూ మనలాటియే. బరువైంది ముందర దింపీసుకుంటాయి, తేలికది ఓపికున్నంత దూరం మోస్తాయి" అనేది జగ్గమ్మ కొత్తగా పనిలో చేరినవాళ్ళతో. ఎక్కడ పార వేస్తే ఏ మట్టి లేస్తుందో పైనుంచి చూసి చెప్పేది. ఇంజనీర్లు కాగితాలు తిరగేసి చెప్పినదాని కంటే ఆవిడ చెప్పిందే నిజమయ్యేది. అందుకని ఇంజనీర్లకు ఆవిడంటే అంత ఇష్టం ఉండేది కాదు.

యార్డు గోడ కింద ఒక తూము ఉంది. యార్డులో పడ్డ వాననీరంతా ఆ తూములోంచి బయటికొచ్చి, కాలువగా లైన్ల మొదట్లో ఒక పెద్ద వంపు తిరుగుతుంది. ఆ వంపు కాడ నీళ్ళు కూలబడతాయి. అక్కడ తేలే మట్టి బూడిద రంగులో, పొద్దున తీసిన వెన్నలా ఉంటుంది. ఎండినా బీటలివ్వదు. దానికి వెన్నమట్టి అని పేరు పెట్టింది జగ్గమ్మే.

పేరు పెట్టి ఊరుకుంటే బాగుండేది. మన ఆడవాళ్ళకు లక్ష్మివారం పొద్దున నేల అలకకపోతే, పొయ్యి పూయకపోతే తెల్లారినట్టు ఉండదు. అక్కడ ఊళ్ళో ఎర్రమట్టి ఉండేది. ఇక్కడ గంగ ఒడ్డున దొరికే మట్టితో అలికితే మూడోనాటికి పెచ్చులు లేచేది. వెన్నమట్టి అలా కాదు, ఒకసారి పూస్తే అద్దంలా నిలిచేది. ప్రతి బుధవారం పని దిగాక జగ్గమ్మ వంపు కాడ తట్ట నింపి, గడప గడపకూ తిరిగి ఒక్కో ముద్ద పెట్టేది. ఎవరినీ ఏమీ అడిగేది కాదు. "జగ్గమ్మత్త సెయ్యి సల్లన" అనేవాళ్ళు ఆడవాళ్ళు. కష్టజీవికి అంతకంటే ఏం కావాలి? ఆ మాట కోసమే ఆవిడ బురదలో దిగేదేమో అనిపించేది ఒక్కోసారి.

బైరాగికి, అప్పాయమ్మకు మొదట పుట్టిన ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోయారు. మూడో పిల్లను, మన ఆచారం ప్రకారం, పొరుగావిడకు చేటెడు తవుడుకు అమ్మి మళ్ళీ తెచ్చుకున్నారు. మృత్యువు కన్ను పడకుండా ఆ పిల్లకు తవిటమ్మ అని పేరు పెట్టారు. ఇక్కడ కమ్యూనిస్టుల ఎర్రజెండా సర్కారు వచ్చిన పదహారో ఏట, ఆ పిల్లకు అయిదేళ్ళు నిండాయి. ఆ ఏడాది చలికాలంలోనే అది నలగడం మొదలుపెట్టింది.

ముందు కడుపునొప్పి అంది. తరవాత అన్నం ముట్టడం మానేసింది. గంతులేసే పిల్ల గోడకు చేరగిలబడి కూచునేది. పిలిస్తే రెండోసారికి గాని పలికేది కాదు. నులిపురుగులన్నారు, దిష్టి అన్నారు, తాయెత్తు కట్టారు. అప్పాయమ్మకు ఒక సంగతి కనపడింది గాని చెప్పడానికి సిగ్గుపడింది: పిల్ల పొయ్యి పక్కన కూచుని, గోరుతో అలుకుడు గీకి నోట్లో వేసుకుంటోంది. మట్టి తినే పిల్లలు మన ఇళ్ళల్లో ఎంతమంది లేరు? చేతి మీద ఒకటి కొట్టి ఊరుకుంది.

నది దాటి కోల్‌కతా పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, అక్కడ డాక్టరు పిల్ల పై పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్ళ అంచున సన్నటి నీలం గీత ఉంది. నెత్తురు తీసి పరీక్షకు పంపాడు. మీ ఇంటి దగ్గర బ్యాటరీలు కరిగించే కొట్టు ఉందా, రంగుల పని ఉందా అని అడిగాడు. లేవంది జగ్గమ్మ. "పిల్ల ఒంట్లో సీసం ఉంది. మందు ఇస్తాను. అది ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టి ఆపకపోతే మాత్రం ఏ మందూ నిలవదు. ఇంకోసారి ఇంత చేరితే మెదడుకు ఎక్కుతుంది" అన్నాడు. జగ్గమ్మ ఇంటికొచ్చేదాకా పిల్లను భుజం మీంచి దింపలేదు.

ఆ డాక్టరే కబురు పెడితే శారద వచ్చింది. ఆవిడది కృష్ణా జిల్లా, కోల్‌కతాలో ఒక కాలేజీలో నీళ్ళలో, మట్టిలో లోహాలను పరీక్ష చేసే ఉద్యోగం. ముప్పై దాటని పిల్ల. సీసాల పెట్టె పట్టుకుని లైన్లలో దిగి, "మీరేనాండీ జగ్గమ్మగారు?" అంటే ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిణ్ణి ‘గారు’ అన్నవాళ్ళు అంతదాకా లేరు మరి.

శారద కుళాయి నీళ్ళు పట్టింది, బోరింగు నీళ్ళు పట్టింది, కాలువలో పైపైన తేటనీళ్ళు పట్టింది. పదిహేను రోజులకు తిరిగొచ్చి, "నీళ్ళలో పెద్దగా ఏమీ లేదండీ. నాకూ అర్థం కావడం లేదు" అంది.

జగ్గమ్మ ఆవిడ ముఖం వంక చూసింది. చదువుకున్నవాళ్ళు తెలియదని ఒప్పుకోవడం ఆవిడ అరుదుగా విన్నది. అందుకే ఇష్టం కలిగింది. "అమ్మా, నీల్లు కూలోడు. ఆడి సేతుల్లో ఏటి ఉంటాది? మోసుకొచ్చి ఎక్కడ దింపినాడో అక్కడ ఎతుకు" అంది. పార తీసుకుని ముందు నడిచింది. తూము మొదట్లో ఒక పార మట్టి, సగం దూరంలో ఒక పార, వంపు కాడ ఒక పార, వంపు దాటాక ఒక పార. ఎక్కడిది ఏ సంచిలో వేయాలో తనే చెప్పింది. వంపు కాడి మట్టి సంచిలో పడుతుంటే, "ఇది మేలైంది తల్లీ. దీన్తోనే మేం ఇల్లలుక్కుంటాం" అని కూడా అంది, గొప్పగా.

ఆ గొప్ప మూడు వారాలు నిలిచింది. శారద కాగితం పట్టుకొచ్చి, గడపలో కూచుని, దాన్ని మడుస్తూ విప్పుతూ ఉంది. జగ్గమ్మ ఆ కాగితం చదవలేదు గాని మనిషి ముఖం చదవగలదు. "ఒంపు కాడిదేనా?" అని అడిగింది. శారద తల ఊపింది. మట్టిలో ఉండదగిన దానికి నూరు రెట్లు సీసం ఉంది. ముతక మట్టిలో తక్కువ. మెత్తటిదాంట్లోనే ఎక్కువ, ఎందుకంటే ఎంత మెత్తటి మట్టయితే అంత లోహాన్ని పట్టుకుంటుంది. అంటే జగ్గమ్మ ఏ గుణం చూసి ఆ మట్టిని మెచ్చుకుందో ఆ గుణమే విషాన్ని పోగుచేసింది.

"ఎక్కడిదమ్మా ఆ సీసం?" అంది జగ్గమ్మ.

అదేమీ రహస్యం కాదు, ఎవరూ అడగలేదంతే. యార్డు లోపలే, గోడ పక్కన ఒక కంపెనీ కౌలుకు తీసుకున్న స్థలంలో పదేళ్ళుగా బూడిదరంగు గుట్ట ఉంది. ఎక్కడో పడమటి కొండల్లో దొరల కాలం నాటి సీసం గని మూతపడితే, దాని పక్కన పారబోసిన పిప్పిమట్టిని వ్యాగన్లలో ఇక్కడికి తెచ్చారు. మళ్ళీ కరిగిస్తే ఇంకాస్త లోహం రాలుతుందని కంపెనీ ఆశ. బేరం కుదరలేదు, కొలిమి కట్టలేదు, గుట్ట మిగిలిపోయింది. వాన పడితే దాని అడుగునుంచి తుప్పురంగు నీళ్ళు కారేవి. తూము దాటి నాలుగడుగులు వచ్చేసరికి ఆ రంగు పోయి తేటబడేవి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

"తేటబడింది కదా మరి?" అంది అప్పాయమ్మ.

"కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు పెడితే ఏమవుతుందండీ? కిలుమెక్కుతుంది. గిన్నె కరిగి పులుసులోకి దిగుతుంది. ఆ గుట్ట మట్టి తడిస్తే అలా పుల్లటి నీళ్ళు వస్తాయి, అవి సీసాన్ని కరిగించుకుని బయల్దేరతాయి. బయట మీ సబ్బునీళ్ళూ సున్నం నీళ్ళూ కలిసేసరికి ఆ పులుపు చస్తుంది. అప్పుడు సీసం నీళ్ళను వదిలేసి మట్టిని పట్టుకుంటుంది. మీకు నీళ్ళు తేటగా కనబడేది అందుకే. విషం ఎక్కడికీ పోలేదు, అడుక్కు దిగిందంతే" అంది శారద.

ఆ సాయంత్రం జగ్గమ్మ అన్నం తినలేదు. బైరాగి, "నీకు తెల్సి సేసినావా అమ్మా, ఊరుకో" అన్నాడు. ఊరుకునే మనిషయితే ఈ కథ లేదు. మర్నాడు లక్ష్మివారం. ఆడవాళ్ళు ముగ్గులు పెట్టుకుంటున్న వేళ ఆవిడ ఖాళీ తట్ట పట్టుకుని మొదటి గడపలో నిలబడింది. "నానిచ్చిన మట్టి ఇసం. మీ నేలలో ఉంది, పొయ్యిలో ఉంది. నా మనవరాలికి నానే పెట్టినాను, మీ పిల్లలకీ నానే పెట్టినాను. నీల్లు సల్లి, తడిపి గీకండి, దుమ్ము రేపకండి. గీకింది ఈ తట్టలో ఎయ్యండి" అంది. అదే మాట అరవై మూడు గడపల్లో చెప్పింది. ఒక్క అక్షరం తగ్గించలేదు.

కొందరు నోరు తెరిచి చూశారు. కొందరు తిట్టారు. నలభయ్యో గడప సన్యాసమ్మది. ఆవిడ రెండేళ్ళ కొడుకు దేముడు కిందటేడు వానల్లో ఫిట్సు వచ్చి పోయాడు. సన్యాసమ్మ అంతా విని, గొంతు పెంచకుండా అడిగింది: "మా దేముడు దీనివల్లే పోయినాడా అత్తా?"

తెలియదు అని చెప్పి తప్పించుకోవచ్చు. కాదు అని చెప్పి ఓదార్చవచ్చు. "తెల్దు తల్లీ. అవ్వొచ్చు" అంది జగ్గమ్మ. సన్యాసమ్మ తలుపు వేసుకుంది. ఆ తలుపు ముందు ఆవిడ ఎంతసేపు నిలబడిందో లైన్లలో అందరూ చూశారు. ఏడ్చింది కూడా. తరవాత నలభై ఒకటో గడపకు వెళ్ళింది.

గీకిన మట్టిని వారం రోజులు మోసింది. వంపులో పారబోయలేదు, రోడ్డు మీద పోయలేదు. యార్డు గోడకు నిచ్చెన వేసుకుని, తట్ట తరవాత తట్ట, ఆ గుట్ట మీదే కుమ్మరించింది. కంపెనీ మేనేజరు హాల్దార్ బాబు పరుగెత్తుకొచ్చి, "ఏం చేస్తున్నావు మాషీ?" అని, పిన్నిని పిలిచే తన భాషలో, అరిచాడు. "మీ సరుకే బాబూ. పొరపాట్న మా ఇల్లల్లోకి వొచ్చింది, ఒప్పజెప్తన్నాను" అంది సగం బెంగాలీలో సగం తెలుగులో. వచ్చేటప్పుడు ఆ గుట్టను ఎప్పుడు తీస్తారని అడిగింది. తియ్యడానికి అది ఏమైనా పామా అన్నాడు హాల్దార్ బాబు. అది మట్టి, మట్టి ఎక్కడైనా మట్టే అన్నాడు.

నేలలు గీకాక పిల్ల నెమ్మదిగా తేరుకుంది. రెండోసారి నెత్తురు పరీక్షలో సీసం సగానికి దిగింది. పిల్ల అన్నం అడిగిన రోజున అప్పాయమ్మ వీధివీధంతా చెప్పుకుంది. కాని డాక్టరు మాట జగ్గమ్మ చెవిలో గుయ్యిమంటూనే ఉంది. వానలు రెండు నెలల్లో ఉన్నాయి. వాన పడితే కాలువ పొంగి లైన్లలోకి రావడం ఏటేటా ఉన్నదే. అప్పుడు ఎవరూ తట్టతో తెచ్చి పెట్టనక్కర్లేదు, వెన్నమట్టి తనంతట తనే గడప దాటి లోపలికొస్తుంది. గుట్ట కదలాలి. లేదా గుట్ట నీళ్ళు ఇటు రాకుండా ఆగాలి. మూడోదారి లేదు.

శారద తన కాగితాలతో కాలుష్యం సంగతి చూసే ఆఫీసుకు అర్జీ పెట్టింది. అర్జీ ఒక బల్ల మీంచి ఇంకో బల్లకు నడుస్తుండగానే గోవిందరాజు రంగంలోకి దిగాడు. అతను లైన్ల తరఫున యూనియన్ నాయకుడు, పార్టీ మనిషి, చెడ్డవాడు కాదు. కాని రాజీ కుదర్చకపోతే నిద్రపట్టని జబ్బు ఒకటి ఉంది. ఒక ఆదివారం కాగితం పట్టుకుని అందర్నీ కుళాయి దగ్గర కూచోబెట్టాడు. కంపెనీవాళ్ళు వంపు కాడి పూడికంతా తీయిస్తారట. గడపకు రెండు బస్తాల సిమెంటు ఇస్తారట, నేలలు చేయించుకోవడానికి. బదులుగా లైన్లవాళ్ళు ఒక ముక్క ఒప్పుకోవాలి: కాలువ బురదతో ఇళ్ళు అలుక్కునే తమ అలవాటు వల్లనే పిల్లలకు జబ్బు చేసింది, దీనికి వేరెవరూ బాధ్యులు కారు. మట్టి పంచినావిడ కాబట్టి మొదటి వేలిముద్ర జగ్గమ్మది.

"నీల్లలో ఏటీ నేదని ఆలు కూడా పరీచ్చ సేయించినారు అప్పా. కాయితం నానే సూసినాను. మనకి సిమెంటు వొస్తాంది, ఒంపు బాగవుతాది. ఇంకేటి కావాలి?" అన్నాడు గోవిందరాజు. జగ్గమ్మను అక్క వరసలో అప్పా అంటాడతను.

"పైన తేటనీల్లు ముంచినారా, అడుగు మట్టి తవ్వినారా?" అని అడిగింది జగ్గమ్మ.

గోవిందరాజు చేతిలో కాగితం తిరగేసి చూశాడు.

"ఒంపు తీస్తే ఒంపు మల్లీ నిండతాది రాజూ. ముప్పై ఏల్లు తీసినాను, నాకు తెల్దా? అడ్డు పెట్టాల్సింది కొండకి, ఒంపుకి కాదు. సిమెంటు నేల మీదికీ అదే బురదొస్తాది. మట్టి నానిచ్చినాను, అది నా పాపం, నా నెత్తిన ఉంటాది, ఎవుల్నీ మొయ్యమన్ను. కొండ నాను పొయ్యనేదు. దానికి నా ఏలు ముంచను" అంది జగ్గమ్మ.

ఆ రోజు ఆవిడ పక్షాన ఒక్క గొంతు లేవలేదు. విషం పెట్టింది నువ్వే, సిమెంటుకు అడ్డం పడేదీ నువ్వేనా అన్నారు. ముప్పై ఏళ్ళు "సెయ్యి సల్లన" అన్న నోళ్ళే అవి. ఇంటికొచ్చాక బైరాగి కూడా, "ఏలు పెట్టీయమ్మా, ఇంకా నాలుగేల్ల సర్వీసుంది, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు. ఆవిడకు కోపం రాలేదు. నిద్రపోతున్న మనవరాలి పెదవి మెల్లగా ఎత్తి చూసింది. నీలం గీత వెలిసింది గాని పోలేదు.

"దీని నోట్లో ఉన్నది అలకడం వల్లే వొచ్చిందని నానే ఒప్పుకుంటే, మల్లీ వొచ్చినప్పుడు ఎవుల్ని అడుగుతావురా?" అంది. బైరాగి లేచి బయటికి పోయాడు.

మొదటి ముద్ర లేకపోవడంతో ఆ కాగితం ఆగిపోయింది. సిమెంటూ రాలేదు, వంపూ తీయలేదు. లైన్లలో ఆవిడతో మాట్లాడేవాళ్ళు తగ్గిపోయారు. కుళాయి దగ్గర ఆవిడ బిందె పెడితే పక్క బిందె జరిగేది.

జ్యేష్ఠం చివర్లో ఒక పొద్దున, ఆకాశం నల్లబడి మొదటి పెద్దవాన దిగింది. కాలువ కూలీలకు ఒక పద్ధతి ఉంది. తూములో దిగి పని చేయాలంటే ముందు తూము నోటికి మందపాటి చెక్క పలక దింపి, దాని ముందు ఇసక బస్తాలు పేర్చి, నీళ్ళు ఆపుతారు. పని అయ్యాక తీసేస్తారు. ఆ పలకా బస్తాలూ ఎక్కడుంటాయో జగ్గమ్మకు తెలుసు, ఆ గది తాళంచెవి ఆవిడ మొల్లోనే ఉంటుంది. వాన మొదలైన గంటలోపు ఆవిడ ఒక్కతే మోకాలి లోతు నీళ్ళలో దిగి, యార్డు గోడ కింద తూముకు పలక దింపింది. ఇరవై రెండు బస్తాలు పేర్చింది. పేర్చి, వాటి మీద కూచుంది.

తరవాత జరిగినవి ముందే చెప్పుకుంటే సరిపోతుంది. జగ్గమ్మకు సస్పెన్షన్ కాగితం నాలుగు రోజుల్లో వచ్చింది, గుట్టను వ్యాగన్లకెత్తడం మొదలుపెట్టడానికి నాలుగు నెలలు పట్టింది. ప్రభుత్వాలు దేనికి పరుగెడతాయో దేనికి నడుస్తాయో దాన్నిబట్టి తెలుసుకోవచ్చు. కాని ఆ పొద్దున జరిగింది అంతకంటే పెద్దది.

పదేళ్ళుగా బయటికి పోతున్న నీళ్ళకు దారి మూసుకుపోయింది. గుట్ట కింది తుప్పునీళ్ళు గోడ దగ్గర నిలిచి, మెల్లగా వెనక్కి తిరిగి, యార్డులో పల్లంగా ఉన్న చోటు వెతుక్కున్నాయి. పల్లంలో ఉన్నది కంపెనీ ఆఫీసు. తొమ్మిదింటికల్లా నీళ్ళు దాని మెట్లెక్కాయి. పదింటికి గదిలో మడమ లోతు నిలిచాయి. లైన్ల వైపు కాలువ మాత్రం, ఆ జన్మలో ఎవరూ చూడని విధంగా, వానలో ఖాళీగా ఉంది.

హాల్దార్ బాబు గొడుగు వేసుకుని వచ్చాడు. మునిసిపాలిటీ ఇంజనీరు జీపులో వచ్చాడు. గోవిందరాజు తడుచుకుంటూ వచ్చాడు. లైన్ల జనమంతా గోడ దగ్గర గుమిగూడారు. గోడలో పడిపోయిన ఇటుకల సందులోంచి ఆఫీసు గది కనబడుతూనే ఉంది. ఇంజనీరు, "పలక తీసేయ్, ఉద్యోగం పోతుంది" అన్నాడు. "పోనీండి బాబూ" అంది జగ్గమ్మ. గోవిందరాజు అప్పా అప్పా అని బతిమాలాడు. ఆవిడ అతని వైపు చూడలేదు.

అప్పుడు జనంలోంచి సన్యాసమ్మ బయటికొచ్చింది. నాలుగు నెలలుగా జగ్గమ్మ ముఖం చూడని మనిషి. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని కాలువ బురదలో దిగింది. బస్తాల మీద జగ్గమ్మ పక్కన కూచుంది. జగ్గమ్మ ముఖం అప్పుడు అందరూ చూశారు, దాని గురించి చెప్పడం కష్టం. తరవాత అప్పాయమ్మ దిగింది. ఆ తరవాత ఎవరు దిగారో లెక్కపెట్టే అవసరం లేకపోయింది.

వాన కాస్త తగ్గాక ఆఫీసు గదిలో నీళ్ళు తీశాయి. పక్క గుంటల్లోకి ఇంకి, నేల మీద బూడిదరంగు మట్టిని పలచగా పరిచి వెళ్ళాయి. నున్నగా, వెన్న పూసినట్టు ఉంది నేల. కంపెనీ కూలీలు ఇద్దరు వంగి, తడిసిన ఫైళ్ళు తీసి, అరచేతులతో ఆ బురద ఎత్తి గుమ్మం బయటికి తోయబోయారు. అప్పటికి ఆఫీసుకు తిరిగి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డ హాల్దార్ బాబు గొంతు చించుకుని అరిచాడు, బెంగాలీలో, అందరికీ వినపడేలా: "చేత్తో ముట్టుకోకండి. గోదాములో గ్లవుజులున్నాయి, అవి తొడుక్కోండి. బూట్లతో ఇంట్లోకి పోకండి."

అన్న తరవాత తెలిసింది ఆయనకు తనేమన్నాడో. గోడకు అటు కూలీలు వంగినవాళ్ళు వంగినట్టే ఆగిపోయారు. ఇంజనీరు గోడ సందులోంచి హాల్దార్ బాబును, "గోదాములో గ్లవుజులు ఎప్పటినుంచి ఉన్నాయి?" అని అడిగాడు. హాల్దార్ బాబు గొడుగు మూశాడు, మళ్ళీ తెరిచాడు.

జగ్గమ్మ తన రెండు చేతులూ పైకెత్తి చూసుకుంది. గోళ్ళ సందుల్లో బూడిదరంగు బురద ఉంది.

"మా దేముడు ఆ మట్టి మీదే పాకినాడు బాబూ. ఈ మాట అప్పుడే సెప్పుంటే పోయేదేటి?" అంది సన్యాసమ్మ.

ఇంజనీరు జీపులోంచి కాగితాల అట్ట తెప్పించి, ఆఫీసు గదిలోని మట్టికి ఎవరూ చేయి తగిలించకూడదని మేనేజరు ఆజ్ఞ ఇచ్చినట్టు, తేదీ వేసి, టైము వేసి రాయడం మొదలుపెట్టాడు. మళ్ళీ చినుకు పడుతోంది. బస్తాల మీంచి ఎవరూ లేవలేదు.